బెంగళూరు కారుకు ఏది పూయాలి, ఏది రుద్దకూడదు

కారు కొన్న ఏడాదికే, పొద్దుటి ఎండ బానెట్ మీద ఏటవాలుగా పడినప్పుడు, పెయింట్ నిండా సన్నటి గుండ్రటి గీతలు బయటపడతాయి. నలుపు, ముదురు నీలం, మెరూన్ కార్లలో ఇవి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మారతహళ్ళి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో నిలిపిన కార్లను సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఈ గీతలు లేని బండి దొరకడం కష్టం. సర్వీస్‌కి ఇచ్చినప్పుడు 'రబ్బింగ్ చేసి పాలిష్ కొట్టిద్దాం సార్, కొత్త బండిలా అవుతుంది' అంటారు. సాయంత్రానికి నిజంగానే అలా అవుతుంది. కొన్ని నెలలకు గీతలు మళ్ళీ వస్తాయి, మళ్ళీ రబ్బింగ్. అలా రుద్దిన ప్రతిసారీ పెయింట్ కొంత అరిగిపోతుంది, అరిగింది మళ్ళీ రాదు. ఈ ఊళ్ళో కారు మెరుపు పదేళ్ళు నిలవాలంటే శ్రద్ధ ముందు కడిగే పద్ధతి మీద, తర్వాత వ్యాక్స్ మీద పెట్టాలి. పాలిష్ ఎప్పుడో ఒకసారి చాలు. రబ్బింగ్‌కి వాడే ముతక ముద్ద, అంటే కాంపౌండ్, గత్యంతరం లేనప్పుడే. మామూలుగా జరుగుతున్నది మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు.

ఎందుకో తెలియాలంటే పెయింట్ ఎంత పలచనో తెలియాలి. ఫ్యాక్టరీలో ఇనుప రేకు మీద ముందు తుప్పును ఆపే ప్రైమర్ పొరలు వేస్తారు. వాటి మీద రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికన్నా పైన రంగులేని పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లే. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఇది ఎంత తక్కువో అర్థమవుతుంది. మనం మెరుపు అనుకునేదంతా ఈ పై పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పట్టి ఆపి, కింది రంగు వెలవకుండా చూసేదీ ఇదే. ఇది బాగా పలచబడ్డ కారు కొన్నాళ్ళు మెరుస్తూనే ఉంటుంది. నాలుగైదు వేసవులు గడిచాక టాప్ మీద, బానెట్ మీద తెల్లటి మచ్చలు మొదలవుతాయి.

గీతను ఎవరూ పూడ్చరు. వడ్రంగి చిత్రిక పట్టినట్టు, గీత ఎంత లోతుందో దాని చుట్టూ ఉన్న పెయింట్‌ను అంత లోతుకు దించేస్తారు, గీత మాయమవుతుంది. కాంపౌండ్ చేసేది ఇదే. అందులో ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి రాపిడి పొడి ఉంటుంది. పాలిష్‌లోనూ రాపిడి పొడే, కాకపోతే చాలా మెత్తనిది. కాంపౌండ్ వదిలిన మసకను తీసి నునుపు తేవడం దాని పని. వ్యాక్స్‌ది పూర్తిగా వేరే దారి. అది దేన్నీ అరగదీయదు, పెయింట్ మీద పలచటి రక్షణ పొరగా కూర్చుంటుంది. అంటే మొదటి రెండూ పెయింట్‌లోంచి తీసుకుంటాయి, మూడోది పెయింట్‌కి ఇస్తుంది. షాపులో ఈ మూడింటినీ పాలిష్ అనే అమ్ముతుంటారు కాబట్టి, సీసా ముందు వైపున్న పేరు కన్నా వెనక వైపు రాసింది చదవాలి. గీతలు తొలగిస్తుంది అని ఉంటే అందులో రాపిడి పొడి ఉన్నట్టే. అదే పని చేసి వ్యాక్స్ పొర కూడా వదిలే 'క్లీనర్ వ్యాక్స్'లు ఉన్నాయి. వాటిని నెలనెలా పూసేవాళ్ళు తెలియకుండానే నెలనెలా పెయింట్ అరగదీస్తున్నారు.

రబ్బింగ్ అలవాటు మనకు ఊరికే రాలేదు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీల కాలంలో క్లియర్ కోట్ ఉండేది కాదు, పైన కనిపించేది రంగు పొరే. ఎండకు ఆ పొర పైభాగం ఆక్సీకరణం చెంది సుద్దలా పాలిపోయేది. కాంపౌండ్‌తో రుద్దితే ఆ చచ్చిన పొర పోయి, కింద నిగనిగలాడే అసలు రంగు బయటికొచ్చేది. రుద్దిన గుడ్డకు కారు రంగు అంటుకునేది. ఆ పెయింట్‌కి అది సరైన వైద్యమే. ఇప్పటి క్లియర్ కోట్ అలా సుద్దగా మారి, రుద్దితే బాగుపడే రకం కాదు. పెయింట్ మారింది, గ్యారేజీల అలవాటు మారలేదు. పాత అంబాసిడర్‌ను ప్రేమగా కాపాడుకుంటున్నవాళ్ళకు మాత్రం కాంపౌండ్ ఇప్పటికీ మంచి నేస్తమే.

ఇక ఆ గీతలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? చాలావరకు పొద్దున్నే కారు తుడిచే గుడ్డలోంచి. అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి మెట్రో పనులు, ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్ల కట్టడాలు, తవ్వి వదిలేసిన వీధులు. బెంగళూరు దుమ్ములో సిమెంటూ ఇసుక పొడీ మెండుగా ఉంటాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ క్లియర్ కోట్ కన్నా ఎంతో గట్టిది. పొడి దుమ్ము మీద తడి గుడ్డ వేసి గుండ్రంగా తిప్పితే, ఆ గుడ్డే కాంపౌండ్ అవుతుంది, అదీ ఏ లెక్కా లేని ముతక కాంపౌండ్. ఇందులో తుడిచే మనిషిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఎనిమిది గంటలకల్లా పాతిక ముప్పై కార్లు ముగించాలి, చేతికి ఒక బకెట్, ఒక పాత గుడ్డ. నెలకు కొన్ని వందల రూపాయలు ఇచ్చి, అద్భుతమైన పనితనం ఆశించేది మనమే.

చేయాల్సింది చిన్న పని. మన కారుకంటూ మూడు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు కొని ఇవ్వాలి. 'అన్నా, రోజూ తుడవక్కర్లేదు, అద్దాలు మాత్రం తుడిచి వదిలేయండి, వారానికొకసారి మాత్రం కడగండి' అని చెప్పాలి. జీతం తగ్గదని కూడా చెప్పాలి. దుమ్ము పట్టిన కారు చూడ్డానికి బాగోదన్నది నిజమే, కానీ కదలకుండా కూర్చున్న దుమ్ము పెయింట్‌ను గీకదు, దాన్ని రుద్దిన చెయ్యి గీకుతుంది. బకెట్లో గుప్పెడు బట్టల సబ్బు పొడి వేయడం కూడా మానిపించాలి. ఆ సబ్బు పొడికి, గిన్నెలు తోమే ద్రావణానికి నూనె జిడ్డు వదిలించే గుణం ఎక్కువ. నిన్న పూసిన వ్యాక్స్ కూడా వాటికి జిడ్డులాంటిదే.

కడగమనగానే నీళ్ళ సంగతి వస్తుంది. 2024 వేసవిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడగడాన్ని నిషేధించి, 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఆదేశం వచ్చింది. కాబట్టి చాలా అపార్ట్‌మెంట్లలో కారుకు దక్కేది బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఎండలో ఆరిన ప్రతి బొట్టూ తెల్లటి వలయాన్ని వదిలిపోతుంది. వెంటనే అయితే సగం నీళ్ళు కలిపిన తెల్ల వెనిగర్‌ను గుడ్డతో అద్ది, నిమిషం ఆగి కడిగేస్తే పోతుంది. వారాల తరబడి వదిలేస్తే ఆ వలయం పెయింట్‌లోకి దిగి గుంట పడుతుంది, అప్పుడు పాలిష్ తప్ప దారి ఉండదు.

నీళ్ళు వృథా కాకూడదని చాలా ఇళ్ళలో ఆర్ఓ యంత్రం వదిలేసే నీళ్ళను బకెట్లలో పట్టి కారు కడగడానికి వాడుతున్నారు. ఆలోచన మంచిదే, కానీ ఆ నీళ్ళలో లవణాలు యంత్రంలోకి వెళ్ళే నీళ్ళ కన్నా ఇంకా ఎక్కువ, ఎందుకంటే తాగే నీళ్ళలోంచి తీసేసినవన్నీ అందులోకే చేరతాయి. వాటిని చక్రాలకు, మట్టి కొట్టుకున్న కింది భాగానికి వాడి, బాడీ మీద మాత్రం వేయకపోవడం మేలు. కారుకు అన్నిటికన్నా మంచి నీళ్ళు వాన నీళ్ళు. వాటిలో ఈ లవణాలు దాదాపు ఉండవు. వాన నీటిని పట్టి నిలవ చేసే ఏర్పాటును ఈ నగరంలో 2009 చట్ట సవరణతో తప్పనిసరి చేశారు. ఆ తొట్టి పని చేస్తున్న బిల్డింగుల్లో కారు కడగడానికి దాన్ని మించింది లేదు.

అది లేనిచోట 'రిన్స్‌లెస్ వాష్' అనే ద్రావణాలు వాడొచ్చు. బకెట్‌లో మూడో వంతు నీళ్ళలో ఒకటి రెండు మూతలు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డలు నానబెట్టి, ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో శుభ్రమైన గుడ్డ వాడుతూ తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెడతారు. మళ్ళీ నీళ్ళు పోసి కడిగే పని లేదు. అందులోని పాలిమర్లు దుమ్ము రేణువు చుట్టూ జారుడు పొర కట్టి గీకకుండా చూస్తాయి. మందంగా బురద పట్టిన కారుకు మాత్రం ఇది పనికిరాదు. ముందు ఆ బురదను నీళ్ళతో వదిలించాల్సిందే.

వ్యాక్స్ ముఖ్యం అయ్యేది సరిగ్గా ఇక్కడే. వ్యాక్స్ అంటే మెరుపు అనుకుంటారు. బెంగళూరులో దాని అసలు లాభం వేరు: పొర నునుపుగా ఉన్న చోట దుమ్ము తక్కువ బలంతో అంటుకుంటుంది, నీళ్ళు నిలవకుండా జారిపోతాయి, కొద్ది నీళ్ళతో, కొద్ది రాపిడితో కారు శుభ్రపడుతుంది. గీతలు పడ్డాక తీసే కాంపౌండ్ కన్నా గీతలు పడకుండా చూసే డబ్బా ఎన్నో రెట్లు విలువైనది.

రకాల్లో పాతది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం ఇది. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. స్వచ్ఛమైన కార్నౌబా రాయిలా గట్టిగా ఉండి పూయడానికి లొంగదు, అందుకే డబ్బాలో నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలిపి మెత్తగా చేస్తారు. ముదురు రంగు కారుకు ఇది ఇచ్చే లోతైన నిగారింపు బాగుంటుంది కానీ, మన ఎండకు, వానకు ఒకటి రెండు నెలలకు మించి నిలవదు. సింథటిక్ సీలెంట్లు పాలిమర్లతో చేసినవి, నాలుగైదు నెలలు వస్తాయి. ఈమధ్య కొన్నేళ్ళుగా సిలికా కలిపిన స్ప్రే వ్యాక్స్‌లు విరివిగా దొరుకుతున్నాయి. కడిగిన కారు మీద చల్లి తుడిచేస్తే సరిపోతుంది. ఆఫీసుకు రోజూ తిరిగే తెల్ల కారుకు, వారాంతంలో గంట కన్నా తీరిక లేని యజమానికి స్ప్రే సీలెంటే సరైన ఎంపిక. కార్నౌబా డబ్బా కారును పట్టించుకోవడం ఇష్టమైనవాళ్ళకు.

సిరామిక్ కోటింగ్ గురించి రెండు మాటలు నిక్కచ్చిగా చెప్పుకోవాలి. అది వ్యాక్స్ కన్నా గట్టిగా పెయింట్‌కి పట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటుంది, ఆ మాట నిజం. కానీ ప్రకటనల్లో కనిపించే '9హెచ్' అనేది పెన్సిల్ ములికి గట్టిదనంతో పోల్చే పరీక్ష కొలత. రాయి తగిలినా గీత పడదని దానర్థం కాదు. ఆ పొర ఒకటి రెండు మైక్రాన్ల మందమే, కాబట్టి మురికి గుడ్డ దాన్నీ గీకుతుంది. బోరు నీళ్ళ మచ్చలు దాని మీదా పడతాయి. వేలకు వేలు పెట్టి కోటింగ్ వేయించి, మర్నాటి నుంచి అదే బకెట్, అదే గుడ్డ అయితే డబ్బు నీళ్ళపాలే. ఇంకా కొన్నిచోట్ల 'టెఫ్లాన్ కోటింగ్' అమ్ముతున్నారు. వంట పెనానికి టెఫ్లాన్ పట్టుకోవాలంటే 327 డిగ్రీలు దాటి కాల్చాలి. కారు మీద ఆ వేడి పెట్టడం కుదరని పని. కాబట్టి ఆ పేరు మీద వేసేదాన్ని మామూలు సీలెంట్‌గానే లెక్కగట్టి, ధర కూడా అంతే ఇవ్వాలి.

వ్యాక్స్ పూయడానికి ఈ ఊరి చెట్లే తేదీలు చెబుతాయి. జనవరి నుంచి టబెబుయా గులాబీ పూలు, ఆపైన జకరండా, వేసవిలో కానుగ, గుల్‌మొహర్. కింద నిలిపిన కారు మీద రాలిన పూలు తడిసి అంటుకుంటే మరక పడుతుంది. నిద్రగన్నేరు, మామిడి చెట్ల మీది పురుగులు వదిలే జిగురు చుక్కలు ఎండకు గట్టిపడతాయి. పిట్ట రెట్టలు అన్నిటికన్నా చెడ్డవి. వాటిలో యూరిక్ ఆమ్లం ఉంటుంది, పైగా ఎండకు కాగి మెత్తబడిన క్లియర్ కోట్ సాయంత్రం చల్లబడుతూ ఎండిన రెట్ట చుట్టూ ముడుచుకుపోతుంది. రెట్ట కనబడగానే తడి గుడ్డ ఐదు నిమిషాలు కప్పి, మెత్తబడ్డాక రుద్దకుండా ఎత్తేయాలి. జనవరి చివర ఒకసారి, జూన్‌లో వానలకు ముందు ఒకసారి సీలెంట్ పూస్తే వీటిలో సగం బెడద తగ్గుతుంది.

మూడోసారి ఆయుధ పూజకు ముందు రోజు. పసుపు, కుంకుమ, గంధం తడిగా పెట్టి రాత్రంతా వదిలేస్తే లేత రంగు కార్ల మీద మరక ఉండిపోతుంది, ముఖ్యంగా రంగు కలిపిన కుంకుమైతే. ముందు రోజు శుభ్రంగా కడిగి వ్యాక్స్ వేసి ఉంటే మర్నాడు నీళ్ళతోనే పోతుంది. బొట్లు అద్దం మీద, నంబర్ ప్లేటు పైన పెట్టుకుంటే ఇంకా నయం. పూలదండ కట్టిన తీగ బానెట్‌కి తగలకుండా కింద మెత్తని గుడ్డ వేయాలి. సంక్రాంతికి అనంతపురం, కర్నూలు మీదుగా రాత్రంతా నడిపి ఊరెళ్ళే కార్ల ముందు భాగానికి పురుగులు అట్టలు కట్టడం అందరికీ తెలిసిందే. బయల్దేరే ముందు బంపర్, బానెట్ అంచులకు ఇంకో పూత వేస్తే, ఊళ్ళో దిగాక తడి గుడ్డతో నానబెట్టి వదిలించొచ్చు.

వ్యాక్స్ వేసే విధానంలో పెద్ద చదువేం లేదు. నీడలో, చెయ్యి పెడితే చల్లగా తగిలే ప్యానెల్ మీద, ఎంత పలచగా వీలైతే అంత పలచగా పూయాలి. మందంగా పూస్తే రక్షణ పెరగదు, తుడవడం కష్టమవుతుంది. నల్లటి ప్లాస్టిక్ భాగాలకు అంటితే తెల్లగా మరకలు మిగులుతాయి కాబట్టి మాస్కింగ్ టేప్ వేసుకోవాలి. పూసే ముందు పలచటి ప్లాస్టిక్ కవర్ వేళ్ళకు తొడుక్కుని కడిగిన పెయింట్ మీద నిమిరితే గరుకు తగులుతుందేమో చూడాలి. తగిలితే క్లే బార్ అనే మెత్తటి మట్టిముద్దతో, బాగా జారే ద్రావణం చల్లుతూ ఆ మురికి లాగేయాలి. క్లే కింద పడితే ఇక దాన్ని వాడకూడదు, నేల మీది ఇసుకంతా దానికి అంటుకుని ఉంటుంది.

కాంపౌండ్ నిజంగా అవసరమైన సందర్భాలూ ఉన్నాయి. బైక్ హ్యాండిల్ రాసుకున్న గీత, గేటు తగిలిన మరక, లోపలికి దిగిన నీటి గుంటలు. ముందు గీత మీద నీళ్ళు చల్లి చూడాలి. తడిలో మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది, పోవడానికి అవకాశముంది. గోరును గీతకు అడ్డంగా లాగినప్పుడు అందులో ఇరుక్కుంటే మాత్రం అది చాలా లోతు, దాన్ని కాంపౌండ్‌తో పూర్తిగా తీయాలనుకోవడం ప్రమాదం. టచప్ పెయింట్ చాలు. టూత్‌పేస్ట్ చిట్కా వద్దు. అందులోనూ రాపిడి పొడే ఉంది, కారు పెయింట్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. ఎక్కడైనా చేతివెడల్పు చోట ముందు మెత్తటి పాలిష్‌తో ప్రయత్నించి, అది చాలకపోతేనే కాంపౌండ్‌కి వెళ్ళాలి. మెగ్వయర్స్, 3ఎం, టర్టిల్ వ్యాక్స్ లాంటి సంస్థలు ఒక్కొక్కటీ రకరకాల ముతకదనాల్లో ఇవి అమ్ముతున్నాయి. కారు సామాన్లు అమ్మే జె.సి.రోడ్డు షాపుల్లో అడిగేటప్పుడు బ్రాండు కన్నా ముందు ఎంత ముతకది కావాలో చెప్పడం మంచిది. మెరుపు లేని మ్యాట్ పెయింట్ కార్లకు ఇవేవీ తగలనివ్వకూడదు.

షాపులో చేయిస్తే మెషీన్ ఏదో అడగాలి. ఒకే కేంద్రం మీద గిరగిరా తిరిగే రోటరీ వేగంగా పని చేస్తుంది, అదే వేగంతో వేడి పుట్టిస్తుంది. డోర్ అంచుల దగ్గర, బానెట్ మడతల దగ్గర పెయింట్ ముందే పలచన, అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ప్రైమర్ తేలుతుంది. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్ మెషీన్ నెమ్మది, కానీ మామూలు కారుకు చాలినంత శక్తి దానికి ఉంది. పని మొదలుపెట్టే ముందు పెయింట్ మందం కొలిచి చూపించే షాపు నమ్మదగినది. మందం కొలిచే ఆ పరికరం, అంటే గేజ్, సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడూ పనికొస్తుంది: ఒక్క డోర్ మీదే 200 మైక్రాన్లు దాటితే ఆ డోర్‌కి మళ్ళీ పెయింట్ పడిందని, 80 లోపు ఉంటే ఎవరో గట్టిగా రుద్దేశారని అనుమానించాలి. పని ముగిశాక నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొంత చోటు తుడిపించి చూడాలి. చౌక పాలిష్‌లలోని నూనెలు గీతలను నింపి దాచేస్తాయి, రెండు మూడు కడుగులకు అవి మళ్ళీ తేలతాయి. ఆల్కహాల్ ఆ నూనెను తీసేస్తుంది కాబట్టి, గీత నిజంగా పోయిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

టాప్ మీద క్లియర్ కోట్ పొట్టులా లేవడం మొదలైన కారుకు మాత్రం ఈ డబ్బాల్లో ఏదీ పని చేయదు. పాలిష్ పట్టిస్తే అంచులు ఇంకా లేస్తాయి, వ్యాక్స్ పూస్తే ఆ అంచుల కింద తెల్లగా ఇరుక్కుంటుంది. ఆ ప్యానెల్‌కి మళ్ళీ పెయింట్ వేయించాల్సిందే. ఫ్యాక్టరీ పెయింట్‌ను సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గ్యారేజీ బూత్‌లో 60 డిగ్రీల ప్రాంతంలోనే ఆరబెడతారు కాబట్టి కొత్త పెయింట్‌లోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ ప్యానెల్‌కి వ్యాక్స్‌గానీ కోటింగ్‌గానీ వేయకుండా, ఎన్నాళ్ళు ఆగాలో పెయింట్ వేసినవాళ్ళనే అడిగి, శుభ్రమైన నీళ్ళతో మాత్రమే కడుగుతూ ఉండాలి.